కళ్లకు కట్టే తెర ముఖానికి కుదరాలి



వర్చువల్ రియాలిటీ, పొట్టిగా వీఆర్, అనే మాట ఈమధ్య ఇంజినీరింగ్ కాలేజీల్లో, షాపింగ్ మాల్స్‌లో, ఆసుపత్రుల శిక్షణ గదుల్లో తరచుగా వినిపిస్తోంది. కళ్లకు అడ్డంగా హెడ్‌సెట్ అనే ఒక డబ్బా కట్టుకుంటాం. లోపల కంటికొకటి చొప్పున రెండు లెన్సులు, వాటి వెనక తెర ఉంటాయి. తల తిప్పితే ఎదుట దృశ్యమూ తిరుగుతుంది. ఆ తెర ఎంత స్పష్టంగా ఉంది, లోపల ఏ చిప్ ఉంది అని అందరూ అడుగుతారు. ఆ డబ్బా అంచున మన నుదుటికీ చెంపలకూ ఆనే మెత్త సంగతి మాత్రం ఎవరూ అడగరు. దాన్ని మా రంగంలో ఫేస్ కుషన్ అంటాం. దాని రూపకల్పనే నా వృత్తి. పెట్టుకున్న అరగంటకే విసుగొచ్చి హెడ్‌సెట్ తీసి పక్కన పడేశారంటే, చాలాసార్లు తప్పు తెరది కాదు, ఆ మెత్తది.

తలకు తగిలించుకునే తెరను 1968లోనే అమెరికాలో ఐవన్ సదర్లాండ్ తన విద్యార్థులతో కలిసి తయారుచేశారు. తల ఎటు తిరుగుతోందో కొలవడానికి గది కప్పు నుంచి ఒక లోహపు చెయ్యి దిగివచ్చి దానికి తగులుకుని ఉండేది. అది ప్రయోగశాల దాటి బయటికి రాలేదు. మామూలు మనుషులు కొనుక్కుని ఇంట్లో వాడే ఓక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్, సోనీ ప్లేస్టేషన్ వీఆర్ మూడూ 2016లోనే వచ్చాయి. ఒక్కొక్కటీ అటూ ఇటూగా అరకిలో. ఆ అరకిలో తల మీద ఎక్కడ కూర్చోవాలన్నది అప్పుడూ ప్రశ్నే, ఇప్పుడూ ప్రశ్నే.

మీరు వింటున్నచోటే ఒక చిన్న పని చేయండి. బొటనవేలి కొసను కనుబొమ కింద, కంటిగూటి పై అంచు మీద పెట్టండి. ముక్కువైపు నుంచి మెల్లగా బయటికి జరపండి. మూడో వంతు దూరం వెళ్లేసరికి చాలామందికి ఎముకలో చిన్న గాడి తగులుతుంది. అక్కడ కాస్త గట్టిగా నొక్కితే జివ్వుమంటుంది. నుదుటికీ మాడుకీ వెళ్లే నరం ఒకటి అక్కడే ఎముకలోంచి బయటికి వస్తుంది. అలాంటిదే ఇంకొకటి కంటిగూటి కింది అంచుకు ఓ సెంటీమీటరు దిగువన, చెంప దగ్గర ఉంది. హెడ్‌సెట్ మెత్త సరిగ్గా ఈ రెండు చోట్ల మీదుగానే వెళుతుంది. ఈతకొట్టేవాళ్లలో గాగుల్స్ బిగుతు వల్ల వచ్చే తలనొప్పిని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. బయటి ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పి అంటూ అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో దానికి ఒక చోటు కూడా ఉంది. వీఆర్ వాడితే తలనొప్పి వస్తుందని చెప్పేవారిలో కొందరిది కళ్ల ఇబ్బంది, కొందరిది ఈ నరం మీద పడే ఒత్తిడి. రెండూ వేరు, రెంటికీ మందు వేరు.

నొప్పి ఉన్నచోట ఇంకాస్త దూది కలుపుదాం అన్నది ఎవరికైనా మొదట తట్టే ఆలోచన. కలిపితే ఏమవుతుందో మా బల్ల మీద కళ్లారా చూస్తాం. నొక్కుడు పడినచోట ఎర్రబడే పల్చని ఫిల్మ్ ఒకటి దొరుకుతుంది. దాన్ని మెత్తకూ ముఖానికీ మధ్య పెట్టి, హెడ్‌సెట్ కట్టి, కాసేపాగి తీస్తాం. కనుబొమల పైన రెండు నెలవంకలు, చెంప ఎముకల మీద రెండు మచ్చలు ఎర్రగా తేలతాయి. మిగతా అంచంతా తెల్లగానే ఉంటుంది. అంటే మెత్త చుట్టూతా ముఖాన్ని తాకుతున్నట్టు కనిపిస్తున్నా, బరువు మోస్తున్నవి నాలుగు చోట్లే. ఆ నాలుగు చోట్ల ఫోమ్ మందం పెంచితే ఎరుపు ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ముందే ఎత్తుగా ఉన్నచోట మనం ఇంకాస్త ఎత్తు పెట్టాం. చెయ్యాల్సింది దానికి తిరగేసి: నొప్పి ఉన్నచోట కోసి లోతు చేయాలి, దాని పక్కన మందం పెంచాలి. అప్పుడు ఆ ఎరుపు పలచబడి అంచంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఈ ఒక్క సంగతి ఒంటబట్టిన డిజైనరు సగం పని నేర్చుకున్నట్టే.

ఇక బరువు. నీళ్లబిందె తలకెత్తుకునే ముందు ఆడవాళ్లు నెత్తిన చుట్టకుదురు పెట్టుకోవడం పల్లెల్లో పెరిగిన వారందరూ చూసిందే. మెత్తగా ఉంటుందనే కాదు, బిందె అడుగు ఒక్కచోట గుచ్చుకోకుండా బరువును నెత్తి మీద పరిచి, బిందె ఒరగకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి. ఫేస్ కుషన్ కూడా బరువును పరచాలి, లెన్సులను కదలకుండా పట్టి ఉంచాలి. కానీ నెత్తి బరువు మోస్తుంది, ముఖం మొయ్యదు. అక్కడే చిక్కంతా వస్తుంది.

తల మెడ మీద ముందుకూ వెనక్కూ ఊగే ఇరుసు ఇంచుమించు చెవుల కింద ఉంటుంది. హెడ్‌సెట్ బరువు దానికి పది పదిహేను సెంటీమీటర్లు ముందు వేలాడుతుంది. అరకిలోయే కావచ్చు, అంత ముందుకు వేలాడేసరికి మెడ వెనక కండరాలు దాన్ని నిమిషం విడవకుండా లాగి పట్టాలి. తలమీదుగా వెళ్లే పైపట్టీ లేకపోతే, లేదా వదులుగా ఉంటే, డబ్బా కిందికి జారకుండా ఆపేది చర్మానికీ మెత్తకూ మధ్య రాపిడి ఒక్కటే. రాపిడి పెరగాలంటే పక్కపట్టీలు బిగించాలి. బిగిస్తే నుదురు నొప్పి. వదిలితే డబ్బా ముక్కు మీదికి దిగుతుంది. జనం ఈ రెంటి మధ్య నలుగుతూ, వీఆర్ అంటే ఇంతే కాబోలు అనుకుంటారు. ఇంతే కాదు. 2016లో సోనీ చేసిన పనిని నేను ఇప్పటికీ విద్యార్థులకు చూపిస్తాను. వాళ్లు బరువంతా నుదుటి పైభాగానికీ తల వెనక్కీ చుట్టిన గట్టి వలయం మీద వేశారు. తెర డబ్బా ఆ వలయానికి వేలాడుతూ, బొత్తాం నొక్కితే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కళ్లచుట్టూ ఉన్న పల్చని రబ్బరు రెక్కలు వెలుతురును ఆపుతాయి, అంతే. ఆ హెడ్‌సెట్ 610 గ్రాములు. దానికన్నా తేలికైన వాటికంటే ఎక్కువసేపు పెట్టుకోగలిగామని చెప్పినవాళ్లు చాలామంది. 2019లో మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ అనే తన హెడ్‌సెట్ రెండో రకంలో బ్యాటరీని తల వెనక్కి మార్చింది. మొత్తం బరువు 566 గ్రాములైనా, ముందూ వెనకా సరితూగేసరికి మెడకు తేడా తెలుస్తుంది. దాని అద్దాన్ని నుదుటి పైకి ఎత్తుకునే వీలు కూడా పెట్టారు. ఎదుటి మనిషితో మాట్లాడాలంటే మొత్తం విప్పక్కర్లేదు. ఎవరో వాడి, చూసి, ఆలోచించి చేసిన పని అది.

ఇప్పుడు కొలతల దగ్గరికి వద్దాం. 1950లో అమెరికా వైమానిక దళం తన పైలట్ల కొలతలు తీయించింది. సగటు మనిషికి సరిపోయేలా కాక్‌పిట్ చేస్తే చాలన్నది అప్పటి నమ్మకం. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు 4,063 మంది కొలతల్లోంచి పది కొలతలు తీసుకుని, ఆ పదింటిలోనూ సగటు దరిదాపుల్లో ఉన్నవాళ్లు ఎందరో లెక్కగట్టాడు. ఒక్కరూ లేరు. సగటుకు కాదు, ఎవరికి వారు సర్దుకునేలా కాక్‌పిట్ ఉండాలన్న ఆలోచన ఆ తర్వాత బలపడింది. ఒంటికే అంత తేడా ఉంటే ముఖం సంగతి ఇక చెప్పక్కర్లేదు. నుదుటి వాలు, కణతల వెడల్పు, చెంప ఎముకల ఎత్తు, ముక్కుదూలం ఎంత పైకి లేచింది, కళ్లు గూటిలో ఎంత లోపలికి ఉన్నాయి, వీటిలో ఏ ఒక్కటీ ఇంకోదాన్ని చెప్పుచేతల్లో పెట్టుకోదు. ముక్కుదూలం ఎత్తుగా ఉన్న ముఖాలకు చేసిన మెత్తను తక్కువ ఎత్తున్నవాళ్లు పెట్టుకుంటే ముక్కు పక్కల సందు మిగిలి వెలుతురు చొరబడుతుంది. హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో రోజర్ బాల్ అనే డిజైనరు సైజ్‌చైనా పేరుతో చైనీయుల తలలను త్రీడీ స్కాన్ చేయించాడు. పాశ్చాత్యుల తలలతో పోలిస్తే అవి గుండ్రంగా, నుదురూ వెనకభాగమూ చదునుగా ఉన్నాయని తేలింది. పాశ్చాత్యుల కొలతలతో చేసిన హెల్మెట్లు అక్కడ ఎందుకు కుదరడం లేదో అప్పుడు అర్థమైంది.

మన దగ్గర? దుస్తుల సైజుల కోసం నిఫ్ట్ సంస్థ ఇండియాసైజ్ పేరుతో పాతికవేల మందిని స్కాన్ చేసే సర్వే చేపట్టింది. దానికి ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. చాలా మంచి పని. కానీ చొక్కాకు కావలసిన కొలతలు వేరు, కంటిగూటి చుట్టూ మిల్లీమీటర్లలో కావలసిన కొలతలు వేరు. ముఖాల మీద అంతే శ్రద్ధతో సర్వే జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. హెల్మెట్లు, మాస్కులు, కళ్లజోళ్లు, ఆక్సిజన్ తొడుగులు చేసేవాళ్లందరికీ అది పనికొస్తుంది.

కొలతల్లో ఒకటి మాత్రం మీకు తెలిసే ఉంటుంది. కళ్లజోడు దుకాణంలో చిన్న స్కేలు పెట్టి రెండు కనుపాపల మధ్య దూరం చూస్తారు, పీడీ అంటారు. పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్లు. ఎక్కువమంది 50కీ 75కీ మధ్య ఉంటారు. హెడ్‌సెట్‌లో రెండు లెన్సుల నడిమి దూరం మన పీడీతో కలవాలి. కలవకపోతే బొమ్మ మసకబారుతుంది, కళ్లు లాగుతాయి, కడుపులో తిప్పుతుంది. వీఆర్‌లో ఆడవాళ్లకు వికారం ఎక్కువ వస్తుందని, అది వాళ్ల శరీర తత్వమని చాలాకాలం అనుకున్నారు. 2020లో కే స్టానీ బృందం ప్రచురించిన పరిశోధన ఆ మాటను నిలదీసింది. ఆడవాళ్ల పీడీ సగటున తక్కువ, అప్పటి హెడ్‌సెట్ లెన్సులు అంత దగ్గరికి జరగవు. లెన్సులు కళ్లకు సరిగ్గా కుదిరినప్పుడు ఆడవాళ్లకూ మగవాళ్లకూ వికారంలో పెద్ద తేడా కనబడలేదు. పరికరంలోని లోపాన్ని అన్నాళ్లూ మనిషి మీదికి నెట్టారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

పక్కకు జరపడానికి మీట ఉంది సరే, మరి పైకీ కిందికీ? దానికి ఏ మీటా ఉండదు. లెన్సు మధ్యభాగం కంటికి ఎదురుగా నిలవాలంటే మెత్త నుదుటి మీద, చెంపల మీద సరైన ఎత్తులో ఆనాలి. ముందుకూ వెనక్కూ దూరం కూడా అంతే. లెన్సు కంటికి దగ్గరైతే దృశ్యం విశాలంగా కనిపిస్తుంది, మరీ దగ్గరైతే కనురెప్పల వెంట్రుకలు తగులుతాయి, కళ్లజోడు అద్దం గీసుకుపోతుంది. కాబట్టి సుఖం వేరు, స్పష్టత వేరు అని నేను ఒప్పుకోను. మెత్త కుదిరితేనే బొమ్మ కుదురుతుంది. ఫోమ్ కొన్ని నెలలు వాడితే అణిగిపోయి పల్చబడుతుంది. అప్పుడు కన్ను లెన్సుకు తెలియకుండానే దగ్గరైపోతుంది. పాత మెత్తను మార్చమని చెప్పేది శుభ్రత కోసమే కాదు.

ఒక శిక్షణ గదిలో చూసినది చెబుతాను. నర్సింగ్ చదివే అమ్మాయి. కళ్లజోడు, ముక్కుపుడక, నడుము దాకా జడ, నుదుట బొట్టు. హెడ్‌సెట్ పెట్టారు. వెనక పట్టీ జడ మీద కూర్చుని మెల్లగా పైకి పాకింది, అది పాకిన కొద్దీ ముందు డబ్బా కిందికి జారింది. లెన్సు మధ్యభాగం కంటికి దిగువన పడేసరికి, బొమ్మ కోసం ఆ అమ్మాయి గడ్డం పైకెత్తి చూస్తోంది. “మసగ్గా ఉంది సార్” అంది. “ఇంకాస్త బిగించమ్మా” అన్నారు శిక్షకుడు. బిగించింది. ముక్కుపుడక రబ్బరు రెక్కకు నొక్కుకుని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకేమీ అనలేదు, పాఠం అయ్యేదాకా అలాగే కూర్చుంది. తరువాత మేమిద్దరం కూర్చుని మొదటి నుంచీ కట్టాం. వెనక పట్టీని రెండు పాయలుగా విడదీసి, ఒక పాయ జడ మొదలుకు పైన, ఇంకొకటి కింద, పుర్రె వెనక్కి పొడుచుకొచ్చిన ఎముక దిగువన ఆనేలా పెట్టాం. పైపట్టీ ముందు బిగించి పక్కపట్టీలు వదులు చేశాం. కళ్లజోడు కోసం మెత్త వెనక ఒక రింగు వేసి లెన్సును కాస్త ముందుకు జరిపాం. “ఇప్పుడు అక్షరాలు కనిపిస్తున్నాయి మేడమ్” అంది.

చదువుకోవడానికి వచ్చిన పిల్లను బొట్టు తుడుచుకోమనీ, పుడక తీసెయ్యమనీ, జడ విప్పుకోమనీ అడిగే హక్కు ఏ పరికరానికీ లేదు. తలపాగా కట్టుకున్నవాళ్లకైనా, హిజాబ్ వేసుకున్నవాళ్లకైనా ఇదే మాట. నుదుటి మెత్త మధ్యలో వేలెడు గాడి తీస్తే స్టిక్కరు బొట్టు ఊడదు, ఫోమ్‌కు కుంకుమ అంటదు. ముక్కు రెక్కను గట్టి రబ్బరుతో కాక, పల్చని సాగే గుడ్డతో చేస్తే పుడక గుచ్చుకోదు. ఖర్చు పెద్దగా పెరగదు. గీసే బల్ల దగ్గర మన ముఖాలు గుర్తుండాలి, అంతే.

కుదిరేలా చెయ్యడానికి ఇప్పుడు రెండు దారులున్నాయి. మొదటిది ఎవరి ముఖానికి వారిది. 2023లో వచ్చిన బిగ్‌స్క్రీన్ బియాండ్ హెడ్‌సెట్ 127 గ్రాములే, కొనేవారి ముఖాన్ని ఐఫోన్‌తో స్కాన్ చేసి ఆ ఒక్క ముఖానికే మెత్త తయారుచేస్తారు. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో కూడా ముఖం స్కాన్ చేసి, ఉన్న సైజుల్లో ఏది నప్పుతుందో చెబుతుంది. యుద్ధ విమానాల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. ఎఫ్-35 పైలట్ హెల్మెట్‌ను ఒక్కో తలకు విడిగా కుదిర్చి, కనుపాపకు రెండు మిల్లీమీటర్ల లోపు తేడాతో సరిచేస్తారు. రెండో దారి సర్దుకునే మెత్త. 2019 నాటి వాల్వ్ ఇండెక్స్‌లో లెన్సును ముందుకూ వెనక్కూ జరిపే మర ఉంది, మెత్త అయస్కాంతాలతో ఊడివస్తుంది. 2023 నాటి మెటా క్వెస్ట్ 3లో మెత్త లోతును నాలుగు మెట్లలో మార్చుకోవచ్చు.

మొదటి దారి అందమైనది, కానీ అది సొంతదారు కోసం. మన దగ్గర ఒక్కో హెడ్‌సెట్ ఒక్క పూటలో ముప్పైమంది చేతులు మారుతుంది. అందుకే నా మొగ్గు రెండో దారి వైపు. అయస్కాంతంతో ఊడివచ్చే మెత్తలు మూడు సైజుల్లో, వాటికి లోతు మార్చే రింగులు, ముక్కు దగ్గర విడిగా మార్చుకునే రెక్క. హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్ లాంటి చోట్లు 2023 నుంచి ఉన్నాయి. నమూనాలు చేసి చూడటానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు.

మెత్త దేనితో చేశారన్నది చివరికి చెబుతున్నాను గానీ, దాన్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లు పెద్ద మూల్యమే చెల్లించారు. 2021 జులైలో ఓక్యులస్ క్వెస్ట్ 2 ఫోమ్ మెత్తలను వెనక్కి పిలిచారు, ఒక్క అమెరికాలోనే దాదాపు 40 లక్షలు. చర్మం మండుతోందని, దద్దుర్లు వస్తున్నాయని 5,716 ఫిర్యాదులు, 45 మంది వరకు వైద్యుల దాకా వెళ్లారు. ఆ ఫోమ్ మీద తొడిగే సిలికాన్ కవర్లు ఉచితంగా పంచారు. రబ్బరు గట్టిపడటానికి వేసే రసాయనాలు, జిగురు, గుడ్డ రంగులు, ఏదైనా కొందరి చర్మానికి పడకపోవచ్చు. చెమట పట్టి, వేడెక్కి, ఒత్తిడితో నొక్కుకున్న చర్మం మామూలు చర్మం కన్నా త్వరగా రేగుతుంది. బెజవాడ ఎండల్లో, విశాఖ ఉక్కపోతలో ఏం జరుగుతుందో వేరే చెప్పాలా. ఫోమ్ చెమటను పీల్చుకుంటుంది, ముప్పైమందికీ పంచుతుంది. సిలికాన్ పీల్చుకోదు, కడిగి ఆరబెట్టవచ్చు, కానీ గాలి ఆడదు, చెమట కళ్ల మీదికి జారుతుంది. గాలి పోవడానికి దారులు విడిస్తే లెన్సుల మీద ఆవిరి పట్టదు, కానీ వెలుతురు రాకుండా ఆ దారిని వంకర తిప్పాలి. ఉమ్మడిగా వాడేచోట లోపల గట్టి ఫోమ్, పైన కడగగల పల్చని తొడుగు, మనిషికొకటి మార్చాలి. స్పిరిట్‌తో ఫోమ్ తుడిచేస్తే లోపలి చెమట పోదు, లెన్సు మీద పడితే పూత చెడవచ్చు.

కాలేజీకో శిక్షణ కేంద్రానికో హెడ్‌సెట్లు కొనే బాధ్యత ఉన్నవారు ధర, చిప్ అడిగిన తరువాత అదనపు మెత్తలు దొరుకుతాయా, పీడీ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా జరుగుతుంది, కళ్లజోడుతో పెట్టుకోవచ్చా అని తప్పక అడగండి. పెట్టుకునేవారు పట్టీలన్నీ వదులు చేసి, ముందు డబ్బాను ముఖానికి ఆనించి, వెనక పట్టీని పుర్రె దిగువకు లాగి, పైపట్టీ బిగించి, చివర్న పక్కపట్టీలు జారకుండా ఉండేంత మాత్రమే బిగించండి. బిగించాక అక్షరాలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసి, డబ్బాను వెంట్రుకవాసి పైకీ కిందికీ జరిపి సరిచేసుకోండి. మీ పీడీ ఎంతో కళ్లజోడు దుకాణంలో ఒకసారి అడిగి ఫోన్‌లో రాసుకోండి. తీశాక ముఖం మీద ఎర్రటి గుర్తు కాసేపటికి పోతే భయం లేదు. పోకుండా నిలిచినా, దురదపెట్టినా వాడటం ఆపండి. అదే చోట మళ్లీ దద్దురు లేస్తే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మెత్తను కూడా వెంట తీసుకెళ్లండి. దాని ముక్కనే మీ వీపు మీద అంటించి, ఏది పడటం లేదో వాళ్లు పరీక్షించి చెప్పగలరు.